సిటీ ప్లానర్‌కి ఒక్క చీటీయేనా?

2025 డిసెంబరులో హెచ్-1బి లాటరీని ఇకమీద జీతాల్ని బట్టి తూచి తీస్తామని అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్ళు ఫైనల్ రూలు ఇచ్చారు కదా. అప్పుడు మన ఐటీ జనాల్లో కొంతమంది గుండెలు బాదుకున్నారు, ఇంకొంతమంది చప్పట్లు కొట్టారు. గుండెలు బాదుకున్నవాళ్ళ సంగతి వదిలెయ్యండి, వాళ్ళ బాధ అర్థమయ్యేదే. నా గొడవంతా చప్పట్లు కొట్టినవాళ్ళతో.

వాళ్ళ వాదన ఇది. "ఎక్కువ జీతం అంటే ఎక్కువ టాలెంటు. తక్కువ జీతాలకి వచ్చి పడేవాళ్ళ వల్లే మన పేరు చెడింది. పీడా పోయింది."

వినడానికి భలే ఉంటుంది. ఇందులో నిజం పావు వంతు, మిగతాదంతా అహంకారం. అయితే దీన్ని సాఫ్ట్‌వేర్ ఉదాహరణతో వాదిస్తే తెల్లారదు. ఎందుకంటే ఆ ఆటలో మనందరికీ స్వార్థం ఉంది. అందుకని మనది కాని ఉద్యోగం ఒకటి తీసుకుంటాను. సిటీ ప్లానర్.

చాలామందికి ఇలాంటి ఉద్యోగం ఒకటుందనే తెలీదు. నాతో రెండేళ్ళు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్న తమ్ముడొకడు ప్లానరే. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో డిగ్రీ, అమెరికాలో మాస్టర్స్, తర్వాత ఒక మోస్తరు ఊరి ప్లానింగ్ డిపార్టుమెంటులో ఉద్యోగం. వాడి పనేంటి? ఈ స్థలంలో నలభై ఫ్లాట్ల బిల్డింగు రావచ్చా లేదా, వస్తే కార్లు ఎటు బయటికెళ్తాయి, వరద వస్తే నీళ్ళెటు పోతాయి, బస్సు ఎక్కడ ఆగాలి, ఫుట్‌పాత్ ఎంత వెడల్పుండాలి... ఇవి చూడటం. వాన పడ్డ సాయంత్రం హైటెక్ సిటీ దగ్గర కారులో ఇరుక్కుపోయినవాడెవడికైనా ప్లానర్ ఎందుకో నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు జీతాలు చూద్దాం. అమెరికా బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ 2024 మే లెక్క ప్రకారం అర్బన్ అండ్ రీజినల్ ప్లానర్ల మీడియన్ జీతం ఏడాదికి 83,720 డాలర్లు. సాఫ్ట్‌వేర్ డెవలపర్లది 1,33,080. ప్లానర్ ఉద్యోగానికి మామూలుగా కావలసింది మాస్టర్స్ డిగ్రీ. మన ఉద్యోగానికి బ్యాచిలర్స్ చాలు అని అదే సంస్థ చెప్తుంది. అంటే ఎక్కువ చదివినవాడికి దాదాపు యాభై వేలు తక్కువ. ఇది తెలివిలో తేడానా? కాదు బాబూ. ప్లానర్లలో ఎక్కువమందికి జీతమిచ్చేది ఊరి జనం కట్టే ఇంటిపన్ను, అమ్మకం పన్ను. మనకి జీతమిచ్చేది ప్రకటనలు, బ్యాంకులు, వెంచర్ క్యాపిటల్. పర్సు ఎవరిది అన్న తేడా తప్ప బుర్ర ఎవరిది అన్న తేడా కాదిది.

అసలు ఈ రూలు ఎందుకు పుట్టింది?

హెచ్-1బి పుట్టింది 1990 చట్టంతో. దానితోపాటే ఎల్సీయే అనే కాగితం కూడా పుట్టింది. కంపెనీ ఇచ్చే మాట ఇది: అదే పని చేసే మిగతావాళ్ళకి మేమిచ్చే జీతం, ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న ప్రివెయిలింగ్ వేజ్, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది ఇస్తాం.

ఉద్దేశం ఒక్కటే. బయటినుంచి వచ్చినవాడు పక్క సీటులో ఉన్న లోకల్ మనిషి కంటే చవగ్గా దొరక్కూడదు. అంతే. ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అని తేల్చడానికి పుట్టిన రూలు కాదిది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివరిదాకా దీంతోనే పని.

2004లో చట్టం మార్చి ప్రివెయిలింగ్ వేజ్‌ని నాలుగు లెవెల్స్ చేశారు. లెవెల్ 1 లెక్క ఎలా వస్తుందో తెలుసా? ఆ ఊళ్ళో ఆ వృత్తిలో ఉన్నవాళ్ళని జీతాల వరసలో నిలబెట్టి, అడుగున ఉన్న మూడో వంతు మంది సగటు తీస్తారు. సుమారు 17వ పర్సంటైల్. అంటే వందలో ఎనభై మంది పైచిలుకు అంతకంటే ఎక్కువే తీసుకుంటూ ఉంటారు. లెవెల్ 4 సుమారు 67వ పర్సంటైల్. ఏ ఉద్యోగం ఏ లెవెల్ అన్నది పాయింట్ల పట్టికతో తేలుస్తారు. అనుభవం అడిగితే పాయింటు, మామూలుగా కావలసినదానికంటే పెద్ద డిగ్రీ అడిగితే పాయింటు, కింద మనుషులుంటే పాయింటు. కొత్తగా చేరే ప్లానర్‌కి వీటిలో ఏదీ లేదు. కాబట్టి లెవెల్ 1. ఇందులో మోసం లేదు, నిజంగానే ఫ్రెషర్ వాడు.

మరి మన దగ్గర? ఎకనమిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ 2020లో ఒక రిపోర్టు వేసింది. 2019 ఆర్థిక సంవత్సరంలో లేబర్ డిపార్టుమెంటు సర్టిఫై చేసిన హెచ్-1బి ఉద్యోగాల్లో 60 శాతం లెవెల్ 1, లెవెల్ 2లోనే ఉన్నాయని తేల్చింది. ఆ అరవై శాతం అంతా ఫ్రెషర్లేనా? నవ్వొస్తుంది కదూ. ఎనిమిదేళ్ళ అనుభవం ఉందని క్లయింటుకి రెజ్యూమే పంపి, అదే మనిషికి "ఎంట్రీ లెవెల్" అని ఎల్సీయేలో రాయడం మనకి తెలియని విద్యా? డెవలపర్‌ని "ఎనలిస్టు" కోడు కింద పెట్టడం, పని ఖరీదైన ఊళ్ళో అయితే కాగితం మీద చవకైన ఊరు చూపించడం... ఇవి ఎలా జరుగుతాయంటే, లేబర్ డిపార్టుమెంటు ఎల్సీయేని ఏడు పనిదినాల్లో తిరిగివ్వాలి. చూడవలసింది ఖాళీలు పూర్తిచేశారా, కళ్ళకి కనబడే తప్పులేమైనా ఉన్నాయా అన్నంతవరకే. ఆ తర్వాత ఎవడైనా ఫిర్యాదు చేస్తే కదలిక. ఫిర్యాదు చెయ్యవలసినవాడి వీసా ఆ కంపెనీ చేతిలోనే ఉంది. పిల్లి మెడలో గంట ఎలక కట్టాలన్నమాట.

పక్క సీటువాడికి ఎంత?

ఇప్పుడు ప్లానర్ దగ్గరికి రండి. ఊరి ప్రభుత్వంలో పనిచేసే ప్లానర్ జీతం ఎవడో మేనేజరు బేరమాడి ఇచ్చేది కాదు. గ్రేడు, స్టెప్పు ఉన్న పట్టిక ఉంటుంది. కౌన్సిల్ దాన్ని బడ్జెట్‌తోపాటు ఆమోదిస్తుంది. అది అందరూ చూడగలిగే కాగితం. ఆ గ్రేడులో కొత్తగా చేరిన అమెరికన్‌కి ఎంతో, మెక్సికోవాడికి ఎంతో, మన బెజవాడ కుర్రాడికీ అంతే. చాలాచోట్ల యూనియన్ ఒప్పందం కూడా ఉంటుంది. అలా యూనియన్‌తో బేరమాడి తేల్చుకున్న జీతం ఉంటే అదే ప్రివెయిలింగ్ వేజ్ అని ఎల్సీయే నిబంధనలే చెప్తాయి.

అంటే "పక్క సీటువాడి కంటే చవగ్గా దొరుకుతున్నాడా" అన్న ప్రశ్నకి ఇక్కడ జవాబు గోడమీద అంటించి ఉంది. మన కంపెనీల్లో ఆ జవాబు కోసం సీఐడీని పెట్టాలి. న్యాయంగా అయితే ఏం చెయ్యాలి? జవాబు దొరికినవాణ్ణి వదిలేసి, దొరకనివాణ్ణి గట్టిగా పట్టుకోవాలి. జరిగింది సరిగ్గా తలకిందులు.

కొత్త రూలు ప్రకారం లెవెల్ 4 జీతం అందుకునేవాడి పేరు డబ్బాలో నాలుగుసార్లు వేస్తారు. లెవెల్ 3కి మూడు, లెవెల్ 2కి రెండు, లెవెల్ 1కి ఒకటి. ప్రతిపాదన పెట్టినప్పుడు వాళ్ళు వేసుకున్న అంచనానే చూడండి: మామూలు లాటరీతో పోలిస్తే లెవెల్ 1 వాడి అవకాశం 48 శాతం పడిపోతుంది, లెవెల్ 4 వాడిది 107 శాతం పెరుగుతుంది. ఇంకో తమాషా ఉంది. యూనియన్ ఒప్పందం లాంటి వేరే సక్రమమైన ఆధారంతో నిర్ణయించిన జీతం ప్రభుత్వ సర్వేలోని లెవెల్ 1 కంటే తక్కువుంటే, దాన్నీ లెవెల్ 1 కిందే రాసుకోమన్నారు. అంటే ఒక చేత్తో "ఈ జీతం న్యాయమైనదే" అని ఎల్సీయే మీద ముద్ర వేస్తారు, ఇంకో చేత్తో "నీ జీతం తక్కువ, అడుగున నిలబడు" అంటారు.

"ప్లానర్‌ని ప్లానర్లతోనే పోలుస్తున్నారుగా, డెవలపర్లతో కాదుగా? ఇందులో అన్యాయం ఏముంది?" అని తెలివైనవాళ్ళు అడగొచ్చు. మంచి ప్రశ్న. రెండు జవాబులు.

ఒకటి, లెవెల్ అన్నది చాలావరకు వయసుకి ఇంకో పేరు. పదిహేనేళ్ళు పనిచేసినవాడు లెవెల్ 4లో ఉంటాడు, నిన్న చేరినవాడు లెవెల్ 1లో. చదువు ముగించుకుని చేరినవాణ్ణి "నీకు పదిహేనేళ్ళ అనుభవం లేదు కాబట్టి ఒక్క చీటీ" అంటే అది ప్రతిభని తూచడమా, పుట్టినరోజుని తూచడమా?

రెండు, ఇది అసలైన జవాబు. ఇక్కడ చూసేది ఇచ్చే జీతం ఏ లెవెల్‌ని అందుకుంటుంది అని. ప్రైవేటు కంపెనీకి కావలసిన కుర్రాడి జీతం లెవెల్ 2కి కొద్దిలో ఆగిపోయిందనుకోండి. మేనేజరు హెచ్చార్‌కి ఒక మెయిల్ కొడతాడు. ఇంకొంచెం కలుపుతారు, చీటీలు రెండవుతాయి. మరి ఊరి ప్లానింగ్ డైరెక్టరు ఏం చెయ్యాలి? ఆ ఒక్కడికి పెంచితే అదే గ్రేడులో ఉన్న అందరికీ పెంచాలి. యూనియన్‌తో మాట్లాడాలి, కౌన్సిల్ ముందు పెట్టాలి. ఒక తెలుగు కుర్రాడి లాటరీ చీటీ కోసం మునిసిపల్ కౌన్సిల్ తీర్మానం చేస్తుందా? అందరికీ సమానంగా ఇస్తున్న యజమానికి శిక్ష, మనిషిని చూసి బేరమాడే యజమానికి బహుమతి. కనీస జీతం రూలు పుట్టిందే రెండోవాణ్ణి కట్టెయ్యడానికి కదండీ!

ఇక లక్ష డాలర్ల ఫీజు. 2025 సెప్టెంబరు 21 నుంచి పన్నెండు నెలలకని ప్రెసిడెంటు ప్రకటనతో దాన్ని పెట్టారు. ప్లానర్ మీడియన్ జీతం 83,720 అని పైన చెప్పాను. ఫీజు ఏడాది జీతం కంటే ఎక్కువ! అమెరికాలోనే ఉండి స్టూడెంట్ వీసా నుంచి మారేవాళ్ళకి ఇది వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చారు. దాని అర్థం ఏంటంటే, అక్కడి యూనివర్సిటీకి ఫీజులు కట్టినవాడు గట్టెక్కుతాడు, ఇండియాలోనే చదివి పదేళ్ళు పనిచేసినవాడికి తలుపు మూసేశారు. ఏ ఊరి ఖజానా లక్ష డాలర్లు పెట్టి ప్లానర్‌ని పిలిపించుకుంటుంది?

ఇంగ్లండులో ఇంకో రకం

ఇదంతా అమెరికా పైత్యమే అనుకోకండి. బ్రిటన్‌లో చీటీలు లేవు, గీత ఉంది. గీత కింద ఉంటే వీసా లేదు. స్కిల్డ్ వర్కర్ వీసాకి ఆ సాధారణ గీత 26,200 పౌండ్లు ఉండేది. 2024 ఏప్రిల్ 4న 38,700 చేశారు. 2025 జులై 22న 41,700 చేశారు. దీనికి తోడు ప్రతి వృత్తికీ గోయింగ్ రేట్ అని విడిగా ఒకటుంటుంది, రెండిట్లో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. ఆ గోయింగ్ రేట్‌ని కూడా 2024లో 25వ పర్సంటైల్ నుంచి మీడియన్‌కి లేపారు.

మీడియన్ అంటే ఏంటి? సగం మంది దానికంటే తక్కువ తీసుకుంటారని అర్థం. అంటే ఆ వృత్తిలో సగం మంది ఇంగ్లీషువాళ్ళకి సక్రమమైన జీతం, పక్క సీటులో కూర్చునే బయటివాడికి మాత్రం అక్రమం. పైగా అమెరికాలోలాగా ఊరిని బట్టి మారదు. లండన్‌కీ, అద్దెలు అందులో సగం కూడా లేని ఉత్తరాది పట్టణానికీ అదే గీత. కొత్తగా చేరేవాళ్ళకి 33,400 దాకా తగ్గింపు ఉందిలెండి, కానీ అది ఎక్కువలో ఎక్కువ నాలుగేళ్ళే. ఆ తర్వాత కౌన్సిల్ పట్టికలో వాడి స్టెప్పు ఎక్కడున్నా జీతం మాత్రం పెద్ద గీత దాటి తీరాలి.

బ్రిటన్ ఒక మంచి పని కూడా చేసింది. నర్సులు, టీచర్లు లాంటి ఉద్యోగాలకి జాతీయ పే స్కేళ్ళు ఉంటాయి కాబట్టి వాళ్ళకి సాధారణ గీత కాకుండా ఆ స్కేలునే ఆధారంగా తీసుకుని, తక్కువ గీత పెట్టింది. అంటే ప్రభుత్వం బాహాటంగా ప్రకటించిన స్కేలు ఉంటే బయటివాణ్ణి చవగ్గా వాడుకునే ప్రమాదం తక్కువ అని వాళ్ళకీ తెలుసు. నర్సు దగ్గర గుర్తొచ్చిన ఇంగితం కౌన్సిల్ ప్లానర్ దగ్గరికొచ్చేసరికి ఏమైందో మరి.

రోగం ఎవరిది, మందు ఎవరికి?

మళ్ళీ మన దగ్గరికే వస్తాను. ఎందుకంటే అసలు పేచీ మనతోనే.

2023 మార్చిలో జరిగిన లాటరీ గుర్తుందా? అర్హమైన రిజిస్ట్రేషన్లు 7,58,994. అందులో 4,08,891 ఒకటి కంటే ఎక్కువసార్లు పేరు వేసిన మనుషులవి. ఒకే మనిషికి నాలుగు కన్సల్టెన్సీలు, ఆరు కన్సల్టెన్సీలు. అప్పట్లో ఒక్కోదానికి పది డాలర్లే. ఆ పేర్లు వేసిన కంపెనీల్లో మన తెలుగువాళ్ళవి లేవని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి చూద్దాం.

మా తమ్ముడు కూడా అదే లాటరీలో ఉన్నాడు. వాడికి పేరు వేసింది ఒక్క ఊరు, ఒక్కసారి. ఊరి ప్రభుత్వానికి యూనివర్సిటీల్లాగా కోటా మినహాయింపు లేదు. పైగా వాడి డిగ్రీ స్టెమ్ జాబితాలో లేదు. ఓపీటీ పన్నెండు నెలలే, ఉన్నది ఒక్క ఛాన్సు. నా డిగ్రీ స్టెమ్ కాబట్టి నాకు మూడేళ్ళు, మూడు ఛాన్సులు. మూడోసారి నాకొచ్చింది, వాడికి రాలేదు. పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ సీటు తర్వాత ఏడు నెలలు ఖాళీగా ఉందని వాడి సూపర్‌వైజరే వాడికి రాసింది.

మనిషికి ఒకటే లెక్క అని మరుసటి ఏడాది ఆ దొంగ దారి మూసేశారు. అది మంచి పని, దానికి నేనూ చప్పట్లు కొట్టాను. కానీ అక్కడితో ఆగలేదు. "ఈ హెచ్-1బి వాళ్ళంతా చవక జీతాల బాపతు" అన్న పేరు ఉండిపోయింది. ఆ పేరు తెచ్చింది దొంగ లెవెల్స్ రాసినవాళ్ళు. ఆ పేరు చూపించి తెచ్చిన రూలు మాత్రం నిజం లెవెల్ రాసినవాడి మీద పడింది. రోగం ఒకడిది, మందు ఇంకొకడి నోట్లో. ఈలోగా మనవాళ్ళు లెవెల్ 3 వచ్చిందని పార్టీలు చేసుకుంటున్నారు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగినట్టుంది.

అయితే కనీస జీతమే వద్దంటావా?

అననే అనను. కనీస జీతం తీసేస్తే మొదట బలయ్యేది మనమే. బెంచి మీద జీతం లేకుండా కూర్చోబెట్టకూడదని 1998లోనే చట్టం వచ్చినా ఇంకా అలా కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు. గీత ఉండాలి, గట్టిగా ఉండాలి. కానీ దేనికోసం పెట్టారో ఆ పనే చెయ్యాలి.

నేనడిగేవి నాలుగే.

1. అందరికీ ఒకేలా వర్తించే, ఎవరైనా చూడగలిగే జీతాల పట్టిక ఉన్న ప్రభుత్వ ఉద్యోగంలో ఆ పట్టికే కనీస జీతం కావాలి. ఇంకో పరీక్ష ఉండకూడదు. ప్లానర్ అయినా, ఊరి నీళ్ళ ట్యాంకులు చూసే ఇంజినీరు అయినా.

2. అలాంటి పట్టిక లేనిచోట లెవెల్‌ని ఉద్యోగ వివరణ చూసి కాదు, మనిషి అనుభవం చూసి నిర్ణయించాలి. క్లయింటుకి పంపిన రెజ్యూమేలో ఎనిమిదేళ్ళుంటే ఎల్సీయేలోనూ ఎనిమిదేళ్ళే ఉండాలి.

3. తనిఖీ కాగితం పెట్టినప్పుడు కాదు, జీతం పడ్డాక జరగాలి. ఏడాది చివర పన్ను కాగితంలో ఉన్న జీతాన్ని ఎల్సీయేతో పోల్చడం కంప్యూటర్లు ఉన్న దేశంలో అంత కష్టమా? మనలాంటివాళ్ళం ఇద్దరం కూర్చుంటే రాసెయ్యగలం ఆ ప్రోగ్రాం.

4. జీతం ఎక్కువున్నవాడికి ఎక్కువ చీటీలు అనే పద్ధతి పోవాలి. గీత దాటారా లేదా, అంతే. దాటినవాళ్ళందరికీ తలా ఒక చీటీ.

"ఆ ఊళ్ళు జీతాలు పెంచి వాళ్ళ పిల్లలకే ఉద్యోగాలివ్వొచ్చుగా?" అనేవాళ్ళున్నారు. ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. జీతాలు పెరిగితే పక్క సీటులో ఉన్న మనవాడికీ పెరుగుతాయి, నాకేం బాధ? కానీ వీసా రూలు ఊరి ఖజానాలోకి ఒక్క డాలరు తేదు. అది చేసేదల్లా ఊరు ఇంటర్వ్యూ చేసి, నచ్చి, అందరితో సమానంగా జీతమిస్తానన్న మనిషిని మళ్ళీ జీతం తక్కువనే పేరు చెప్పి వెనక్కి పంపడం. ఆ ఉద్యోగం మా తమ్ముడి హక్కు అని నేననట్లేదు. పాసైన పరీక్షలోనే మళ్ళీ ఫెయిలు చెయ్యొద్దంటున్నాను.

ఇకపోతే "మనం ఎక్కువ జీతం తీసుకుంటున్నాం కాబట్టి మనకే ముందు" అనే మిత్రులకి ఒక మాట. మన జీతాలు మన గొప్పతనం అయితే 2023లో లేఆఫ్‌లు అయినప్పుడు ఒక్క రాత్రిలో మన గొప్పతనం ఎటు పోయింది? మార్కెట్ పెంచింది, మార్కెట్ దించింది. ఆ మార్కెట్‌నే వీసా గేటు దగ్గర కాపలా పెడితే ఈ రోజు ప్లానర్‌ని ఆపుతుంది, రేపు టెస్టర్‌ని ఆపుతుంది, ఎల్లుండి మన వంతు. అప్పుడు చప్పట్లు కొట్టడానికి వేరేవాళ్ళు రెడీగా ఉంటారు.

నా వాదన తప్పంటారా? ఎక్కడ తప్పో చెప్పండి, వింటాను. కానీ "వాడి జీతం తక్కువ కాబట్టి" అని మాత్రం మొదలుపెట్టకండి. పక్క సీటువాడికెంతో ముందు చూసొచ్చి మాట్లాడండి.